తాగిండన్న మాట

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. ఎస్తేర్ ఇంట్లో ఆ రెండూ ఒక్క సాయంత్రమే జరిగాయి. కాలు మొగుడిది, నోరు తనది. కాలికి డాక్టర్లు ఇనుప రాడ్డు వేసి ఏదో ఒక తీరుగా అతికించారు. నోటికి వేసే రాడ్డు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఎస్తేర్‌ది ఎల్లారెడ్డి. బీడీలు చేస్తుంది. ఒడిలో చాట పెట్టుకొని, కత్తిరించిన ఆకులో తంబాకు పోసి చుడుతున్నంతసేపూ చేతులకు ఎంత పనో నోటికీ అంతే పని. ఆకు చిల్లులు పడి ఉంటే కార్ఖానా గుమాస్తాను కడిగేస్తుంది. తూకం తగ్గితే రేషన్ డీలరును నలుగురిలో నిలబెట్టి దులుపుతుంది. ఆమెతో పెట్టుకోవడం కంటే తేనెతుట్టెలో చెయ్యి పెట్టడం మేలని వాడకట్టులో అంటారు. ఆమె ఆ మాట విన్నది, విని సంతోషించింది కూడా.

మొగుడు సీమోను తాపీమేస్త్రి, నెమ్మదస్తుడు. ఒకప్పుడు కల్లు కాంపౌండులో కూర్చున్నాడంటే ఎస్తేర్ పోయి రెక్క పట్టి లేపితే తప్ప లేచేవాడు కాదు. బాప్తిస్మం తీసుకున్నాక ఒక్క చుక్క ముట్టలేదు. బాప్తిస్మం తీసుకొని నెల తిరగకముందే కాంపౌండు దారి పట్టినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, ఎవరినీ అనుకోవడానికి లేదు. సీమోను మాత్రం పోలేదు. అందుకే మందిరంలో డోలు వాయించే పని అతనికిచ్చారు. ఆదివారం ఆ డోలు ముందు కూర్చున్న మొగుణ్ణి చూస్తే ఎస్తేర్‌కు గర్వంగా ఉండేది. తాగుబోతు సీమోను అన్న పాత పేరును దెబ్బ దెబ్బకూ భూమిలోకి దిగ్గొడుతున్నాడని అనుకునేది.

నిరుడు వానలకు ముందు, పొద్దుగూకే వేళ, సీమోను పని ముగించుకొని సైకిల్ మీద ఇంటికి వస్తున్నాడు. కామారెడ్డి సడక్ మీద ఊరు ఇంకా రానే లేదు, ఎదురుగా ఒక కారు తన పక్క వదిలేసి ఇతని పక్కకు వచ్చి గుద్దింది. సైకిల్ పోయి గుంతలో పడింది. సీమోను సడక్ మీద పడ్డాడు, మోకాలి కింద కాలు పక్కకు తిరిగిపోయింది. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి వస్తున్న ఎస్తేర్ ఆ చప్పుడు విని ఉరికింది. ఆమె వచ్చేసరికి కారు తలుపు తీసుకొని ఎరువుల దుకాణం సిద్దిరాములు కొడుకు ఆకాశ్ దిగుతున్నాడు. దిగడమంటే ఏముంది, కాలు కింద పెట్టాడు, నిలవలేక తలుపు పట్టుకొని అట్లాగే సడక్ మీద కూలబడ్డాడు. గుప్పుమని వాసన.

"ఏమైంది అక్కా, ఏమైంది?" అని ఎస్తేర్‌నే అడిగాడు.

ఎస్తేర్ వాడి కాలర్ పట్టుకొని ఊపడం మొదలుపెట్టింది. చుట్టూ జనం చేరారు, ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు, ఆమె ఊపుతూనే ఉంది. అంబులెన్సు కంటే ముందు సిద్దిరాములు మోటార్ సైకిల్ మీద వచ్చాడు. కొడుకును చూశాడు. కింద పడ్డ మనిషినీ చూశాడు. ఎస్తేర్ వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి కొడుకును బండి మీద ఎక్కించుకొని, వెనక్కి పడిపోకుండా తువ్వాలతో తన నడుముకు కట్టుకొని మరీ తీసుకుపోయాడు. ఆ రాత్రి బీబీపేటలో చుట్టాలింట్లో పడుకోబెట్టాడు. మరునాడు స్నానం చేయించి, బొట్టు పెట్టించి, కడిగిన ముత్యంలా ఠాణాలో హాజరుపరిచాడు. గొట్టంలో ఊదమంటే ఆకాశ్ నిండుగా ఊదాడు. ఆ ఊపిరిలో పొద్దున తిన్న ఇడ్లీ తప్ప ఇంకేమీ లేదు.

ఇక నోరు జారిన సంగతి. అంబులెన్సు సీమోనును కామారెడ్డిలో ఒక దవాఖానకు చేర్చింది. కుర్ర డాక్టరు ఒకాయన వచ్చి కాలు చూశాడు, రెప్పలు విప్పి కళ్లు చూశాడు, తల ఎత్తకుండానే పక్కనున్న ఎస్తేర్‌ను అడిగాడు.

"తాగిండా?"

ఎవరు అని ఆయన అనలేదు. ఎవరని ఈమె అడగలేదు. మన భాషలో ఆ అవసరం రాదు, తిన్నాడా అంటే తిన్నాడు, పోయిండా అంటే పోయిండు. అడిగేవాడి మనసులో ఒకడుంటాడు, చెప్పేవాడి మనసులో ఒకడుంటాడు, ఇద్దరూ ఒకడేనని ఇద్దరూ అనుకుంటారు. ఎస్తేర్ కళ్లలో ఇంకా ఆకాశే కూలబడి ఉన్నాడు. పిడికిట్లో వాడి కాలర్ ఇంకా ఉన్నట్టే ఉంది.

"తాగిండు సార్," అన్నది. "తాగకుంటే గిట్లెందుకైతది? మస్తు తాగిండు. నిలవడనీకి గూడ చాతనైతలే."

డాక్టరు మంచం మీది మనిషిని చూశాడు. నిలబడడానికి చాతకాని మాట నిజమే. కట్టుకున్న భార్యే చెప్తుంటే మూతి దగ్గర ముక్కు పెట్టి చూసే తీరిక ఆయనకు లేదు, బయట ఇంకా ఇద్దరు మూలుగుతున్నారు. విన్నది విన్నట్టు రాసుకున్నాడు.

నష్టపరిహారం కోసం కామారెడ్డి కోర్టులో భాగ్యశ్రీ అనే వకీలు కేసు వేసింది. కారుకు బీమా ఉంది కాబట్టి ఇవ్వాల్సింది బీమా కంపెనీ. కంపెనీ తరఫున అరుణ్‌కుమార్ అనే వకీలు వచ్చాడు. చొక్కా మడత నలగని మనిషి, మాట కూడా అంతే, ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. గాయపడ్డ మనిషే తాగి ఉన్నాడని, తాగి సైకిల్ తొక్కుతూ కారుకు అడ్డం వచ్చాడని, ఆ మాట చెప్పింది శత్రువు కాదు సాక్షాత్తు భార్యేనని దవాఖాన కాగితం పట్టుకొని మెత్తగా చదివి వినిపించాడు. తప్పులో సగం అతనిది కాబట్టి ఇచ్చేది కూడా సగమేనన్నాడు.

ఆ రోజు కోర్టు వరండాలో ఎస్తేర్ వేసిన కేకలకు కింద చాయ్ కొట్టు దగ్గరున్నవాళ్లు తలలెత్తి చూశారు.

"నేను చెప్పింది వాని గురించి మేడం. ఆ తాగుబోతు పోరని గురించి."

"నాకు తెలుసమ్మా," అన్నది భాగ్యశ్రీ. "కానీ నువ్వన్న మాటల వాని పేరు లేదు. ఇప్పుడు చెప్తే వకీలు నేర్పిందంటరు. ఆ డాక్టరును అడిగితే ఇంతమందిల నాకేం యాదికుంటదన్నడు. మాట నీది, ఇక అది వాళ్లకు అక్కరకొచ్చింది."

ఆ మాట వీళ్లకంటే ముందు బస్సెక్కి ఎల్లారెడ్డి చేరింది. కాంపౌండు ముందు కూర్చున్నవాళ్లు కర్రల మీద పోతున్న సీమోనును పిలిచి, "సీమోనన్నా, మమ్ముల ఇడిచిపెట్టి ఒక్కనివే ఏడ తాగినవే" అని నవ్వారు. అదైనా ఓర్చుకోవచ్చు. ఆదివారం సంఘపెద్ద అబ్రాహాము డోలు మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"సీమోను, నువ్వు తాగినవని నేనంటలేను. తాగలేదని గూడ అంటలేను. కోర్టుల తేలేదాక డోలు ముట్టకు. బల్లకు గూడ రాకు."

ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముక్క అందుకోవద్దనడం అంటే, ఆ వాడలో మనిషిని మనిషి కాదనడమే. సీమోను డోలు మీంచి చేతులు తీసేశాడు. "నేను తాగలే, అన్నా," అన్నాడు.

"నీ భార్యనే చెప్పిందంటున్నరు గద."

అందరూ ఎస్తేర్ వైపు తిరిగారు. ఊరందరి మీదా లేచే నోరు ఆ పూట లేవలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

అప్పటినుంచి సీమోను ఆమెతో మాట్లాడలేదు. తిట్టలేదు, కొట్టలేదు, అదే ఆమెకు ఎక్కువైంది. మంచం మీద కూర్చొని చేతికర్రతో నేలను కొట్టేవాడు. ఒక దెబ్బకు అన్నం, రెండు దెబ్బలకు నీళ్లు. డోలు వాయించిన చెయ్యి కదా, కొట్టడంలో కూడా కొలత ఉండేది. బీడీలు చుడుతూ చుడుతూ ఆ చప్పుడుకు లేచి పోయి చెంబు అందించేది. ఆమె ఏడ్చినా అరిచినా అతను గోడవైపే చూసేవాడు. ఒకనాడు చెంబును గోడకేసి విసిరికొట్టింది. సీమోను అది దొర్లడం ఆగేదాకా చూసి, మళ్లీ రెండు దెబ్బలు కొట్టాడు.

ఇంట్లో తీరని కోపం సిద్దిరాములు దుకాణం ముందు తీర్చుకునేది. యూరియా కోసం రైతులు వరుస కట్టిన రోజు చూసుకొని పోయేది.

"సేటూ, నీ కొడుకు తాగి నా మొగని కాలు ఇరగ్గొట్టె. దొంగతనంగ ఎత్తుకపోయి దాచిపెట్టినవ్. ఇప్పుడేమో నా మొగడే తాగిండంటరా?"

సిద్దిరాములు లెక్క రాస్తున్న చెయ్యి ఆపేవాడు కాదు. "నేనేమన్న ఎస్తేరూ. అన్నది నువ్వే."

ఆ ఒక్క జవాబుతో ఆమె నోటికి తాళం పడేది. వరుసలో రైతులు నవ్వు దాచుకునేవారు. పుండు మీద కారం చల్లడం ఎట్లాగో ఆ మనిషిని చూసి నేర్చుకోవాలి.

ఈలోగా ఆకాశ్‌కు బీర్కూర్‌లో సంబంధం చూస్తున్నారని బీడీల దగ్గర మాట వచ్చింది. పిల్ల వాళ్లు ఊరికే ఇస్తారా, గుద్దిన సంగతి విన్నారు, తాగిండా అని అడిగారట. దాచితే రేపు మాట పడాల్సి వస్తుందని సిద్దిరాములు అక్కడ నిజమే చెప్పాడట. దోస్తు పుట్టినరోజు, ఆ ఒక్కనాడే, పోరడు అట్లాంటోడు కాదు అని. ఈ మాట తెచ్చింది బీర్కూర్‌లో చెల్లెలున్న భూమక్క. ఎస్తేర్ చాట పక్కన పడేసి అప్పటికప్పుడు కామారెడ్డికి ఫోన్ చేసింది.

"మేడం, ఠాణాల ఒక మాట, ఇయ్యపురాలింట్ల ఒక మాట. గీ దొంగ మనిషిని పట్టుకుంటందుకు ఇదొక్కటి సాలదా?"

"ఆ పిల్ల తల్లిదండ్రులు కోర్టుకొచ్చి చెప్తరా?" అని అడిగింది భాగ్యశ్రీ.

చెప్పరు. కాబోయే అల్లుడి మీద కోర్టుకెక్కి సాక్ష్యం చెప్పే మామ ఏ ఊళ్లో ఉంటాడు. ఎస్తేర్ ఫోన్ పెట్టేసి మళ్లీ చాట ఒడిలోకి తీసుకుంది.

లోక్ అదాలత్‌లో కేసు పెడుతున్నారని కబురొచ్చింది. వాయిదాల మీద వాయిదాలు పడకుండా ఇద్దరినీ జడ్జి ముందు కూర్చోబెట్టి రాజీ కుదిర్చే రోజు అది. కంపెనీ సగానికే ఒప్పుకుంటుందని, తీసుకోవడమో మానడమో మీ ఇష్టమని భాగ్యశ్రీ ముందే చెప్పింది. ఎస్తేర్ ఆ రాత్రి గోడకు చెప్పినట్టు చెప్పింది.

"సగమైతే సగం. కాలుకు మల్ల ఆపరేషన్ ఉన్నదంటున్నరు. నా బీడీలతోని అయితదా? సంతకం జేసి పారేద్దాం."

సీమోను కర్ర తీసి నేలను కొట్టలేదు. చాలా నెలల తర్వాత నోరు తెరిచాడు, అదీ గోడతోనే.

"సగం తీసుకుంటే సగం తాగినట్టు. నేను సంతకం చెయ్య."

ఎస్తేర్‌కు ఒళ్లు మండింది. ఆ మంటలోనే అతను అన్నది నిజమని కూడా తెలిసింది. డబ్బు పోతే పోయింది, డోలు పోతే ఈ మనిషి మళ్లీ మనిషి కాడు. ఆ డోలు పోగొట్టింది తనే.

పొద్దున ఎల్లారెడ్డి బస్టాండులో బస్సెక్కారు. ఆడవాళ్ల సీట్లో ఆమె, వెనక కాలు చాపుకొని అతను. కామారెడ్డి వచ్చేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కోర్టు వరండాలో సిద్దిరాములు ముందే వచ్చి ఉన్నాడు, కారు అతని పేరు మీద ఉంది కాబట్టి రావాలి. అరుణ్‌కుమార్ అతని భుజం మీద చెయ్యి వేసి చెవిలో ఏదో చెప్తున్నాడు. చూడబోతే వియ్యంకుల్లా ఉన్నారు. అసలు వియ్యంకుడు అంతలోనే ఫోన్ చేసినట్టున్నాడు, సిద్దిరాములు పక్కకు జరిగి స్తంభం వైపు తిరిగాడు.

"లే బావా, నేను దాస్తున్ననా? దోస్తులు బలవంతం జేసిండ్రు. ఆ ఒక్కనాడే. లే లే, ఇంట్ల సుక్క ముట్టడు," అంటున్నాడు. ఎస్తేర్ నాలుగడుగుల దూరంలోనే నిలబడి విన్నది. మీద పడి ఫోన్ గుంజుకోవాలనిపించింది. భాగ్యశ్రీ మోచెయ్యి పట్టుకొని ఆపింది. అప్పుడే లోపలినుంచి పిలుపు వచ్చింది, సిద్దిరాములు మాట మధ్యలోనే ఫోన్ జేబులో వేసుకొని లోపలికి నడిచాడు.

లోపల జడ్జిగారు మామూలు కుర్చీలో, బల్లకు అవతల కూర్చున్నారు. ఇవతల ఒక పక్క సీమోను, ఎస్తేర్, భాగ్యశ్రీ. ఇంకో పక్క బెంచీ మీద అరుణ్‌కుమార్, సిద్దిరాములు. అరుణ్‌కుమార్ తన ఇస్త్రీ మాటలు పరిచాడు. భార్య చెప్పింది, డాక్టరు రాశాడు, సగం న్యాయం.

"ఆయన తాగలే సార్," అన్నది ఎస్తేర్. "నేను చెప్పింది వేరేటోని గురించి."

"ఇప్పుడు అట్లనే అంటరు సార్," అన్నాడు అరుణ్‌కుమార్, ఆమె వైపు చూడను కూడా చూడకుండా. "కావాలంటే అక్కడ కళ్లారా చూసిన మనిషి ఇక్కడే ఉన్నడు. ఓనర్ సిద్దిరాములు గారు. అడగండి."

ఏం చెప్పాలో వరండాలో భుజం మీద చెయ్యి వేసి చెప్పే ఉంటాడు. సిద్దిరాములు లేచి చేతులు కట్టుకున్నాడు. జడ్జిగారు సీమోను వైపు ఒకసారి, అతని కర్ర వైపు ఒకసారి చూసి, సిద్దిరాములు వైపు తిరిగారు.

"పొద్దుగూకే టైముల మీరు అక్కడికి పోయిండ్రు. చూసిండ్రు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తాగిండా?"

"అబద్ధమెందుకు చెప్పాలె సార్, తాగిండు," అన్నాడు సిద్దిరాములు. గొంతులో తడబాటు లేదు, రోజూ చెప్పే మాటే. "దోస్తుది పుట్టినరోజు ఉండె, బలవంతం జేసిండ్రు. ఆ ఒక్కనాడే సార్. ఇంట్ల సుక్క ముట్టడు. పోరడు గట్లాంటోడు కాడు."

జడ్జిగారి చేతిలో పెన్ను ఆగింది.

"ఎవరు?" అన్నారు.

"అదే సార్, మా..." అని సిద్దిరాములు నోరు మూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. ఇక్కడ ఎవరూ దొంగ అని కూడా అనలేదు, ఆయనే తడుముకొని, దులుపుకొని, కాయ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నేనడిగింది ఈ సీమోను గురించి," అన్నారు జడ్జిగారు.

ఎస్తేర్ లేచి నిలబడింది. అరుస్తుందనుకొని భాగ్యశ్రీ ఆమె కొంగు పట్టుకుంది. ఎస్తేర్ అరవలేదు. ఆ గొంతు అంత చిన్నగా రాగలదని ఆమెకే తెలియదు.

"నన్ను గూడ దవాఖానల గిట్లనే అడిగిండ్రు సార్. తాగిండా అన్నరు. ఎవలని నేను అడగలే, వాళ్లు చెప్పలే. నా కండ్లల్ల ఈ సేటు కొడుకే ఉండె. ఎదురుంగ నా మొగడు సావబతుకుల పడి ఉన్నా నాకు వాడే కనవడ్డడు. ఇప్పుడు ఈ సేటుకు గూడ నా మొగడు ఎదురుంగనే ఉన్నడు. ఎవలు కనవడ్డరో మీరే ఇన్నరు."

జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇక్కడ రాజీ కోసం మాట్లాడిన మాటను నేను సాక్ష్యంగా రాయను, రాయకూడదు," అన్నారు. "కానీ అందరం విన్నం. అరుణ్‌కుమార్ గారూ, సగం మాట ఇంకా అట్లనే ఉన్నదా?"

బీమా కంపెనీకి కోపం, సిగ్గు, స్నేహం ఏవీ ఉండవు, లాభం ఒక్కటే ఉంటుంది. సైకిల్ మీదివాడు తాగితే కంపెనీకి సగం మిగులుతుంది. కారు నడిపినవాడు తాగితే, ముందు బాధితుడికి ఇచ్చేసి, ఆ మొత్తాన్ని కారు ఓనరు దగ్గర రాబట్టుకునే దారి ఉంది. ఆ లెక్క అరుణ్‌కుమార్ తలలో తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. బెంచీ మీద సిద్దిరాములుకూ తనకూ మధ్య ఫైలు పెట్టి కొంచెం దూరం జరిగాడు.

"ఈ సంగతి మీరు కంపెనీకి ఎందుకు చెప్పలే?" అని అడిగాడు. పొద్దున భుజం మీద వేసిన చెయ్యే ఇప్పుడు వేలు చూపించింది.

"నువ్వే గదయ్యా ఏం చెప్పాలెనో..." అని సిద్దిరాములు మొదలుపెట్టాడు.

"నేనేం చెప్పిన?" అన్నాడు అరుణ్‌కుమార్. ఇస్త్రీ కొంచెం నలిగింది. జడ్జిగారు చూస్తున్నారని గుర్తొచ్చి సర్దుకున్నాడు, ఆఫీసుకు ఫోన్ చేసి వస్తానని బయటికి పోయాడు.

తిరిగొచ్చి, సగం కోత లేకుండా ఇస్తామని, ఓనరు సంగతి కంపెనీ వేరేగా చూసుకుంటుందని చెప్పాడు. భాగ్యశ్రీ మొహం విప్పారింది. సీమోను మాత్రం కర్ర మీద బరువు వేసి లేచాడు.

"పైసల ముచ్చట తర్వాత సార్. నేను తాగలేదని రాస్తరా?"

మద్యం తాగి ఉన్నాడన్న ఆరోపణను కంపెనీ వాపసు తీసుకుంటున్నదని రాయడానికి అరుణ్‌కుమార్‌కు ఏ అభ్యంతరమూ లేకపోయింది. ఆ ఆరోపణ ఇప్పుడు కంపెనీకి పనికిరాదు. ఇంతకాలం ఒక మనిషి బతుకును నలిపిన మాటను చొక్కా మీది దుమ్ములా దులిపేశాడు. ఎస్తేర్‌కు గెలిచినట్టు అనిపించలేదు. ఉమ్మేయాలనిపించింది.

బయట మెట్ల మీద సిద్దిరాములు కాపు కాశాడు. మొహం నల్లబడింది, జేబులో ఫోన్ మోగుతూనే ఉంది, తీయడం లేదు.

"నీ నోరు పడిపోను. నా కొడుకు బతుకు బజార్ల పెట్టినవ్ గదనే," అన్నాడు.

ఎస్తేర్ ఈ పూట కోసమే పుట్టినట్టు నింపాదిగా చెంగు దోపుకుంది.

"నేనేమన్న సేటూ. అన్నది నువ్వే."

తిరుగు బస్సులో జనం తక్కువ. ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. లింగంపేట దాటేదాకా సీమోను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడైనా ఒక మంచి మాట అంటాడని ఎస్తేర్ ఎదురుచూసింది.

"అప్పుడే ఎవలని ఒక్క మాట అడిగితే సరిపోవు గద," అన్నాడు.

నెలల తరబడి మూసుకున్న నోరు తెరిచి పెళ్లాంతో అన్న మొదటి మాట అది. ఎస్తేర్ చివ్వున అతని వైపు తిరిగింది.

"అడగలే. ఏం జేస్తవ్? ఉరేస్తవా?"

సీమోను మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. కండక్టరు వచ్చి టికెట్ టికెట్ అని అరిచి పోయాడు.

ఆదివారం మందిరానికి పోయారు. అబ్రాహాము గుమ్మం దగ్గరే ఎదురొచ్చాడు. అంత నవ్వు ఆ మొహం మీద క్రిస్మస్ పూట కూడా ఎవరూ చూడలేదు.

"ఎస్తేరమ్మా, ప్రభువు కార్యం జేసిండు. తాగలేదని తేలిందట గద. శాన సంతోషం."

"ఎవలు?" అన్నది ఎస్తేర్.

"ఎవలేంది?"

"ఎవలు తాగలేదని తేలింది?"

అబ్రాహాము చుట్టూ చూశాడు. చెప్పులు విడుస్తున్నవాళ్లు విడుస్తూ ఆగిపోయారు. "నీకు తెల్వదా చెల్లె, అదే గద..."

"నాకెర్కే. నువ్వు పేరు పెట్టి చెప్పు. పేరు లేని మాటతోనే నా కొంప మునిగింది. డోలు ముట్టకన్ననాడు అందరి ముందటనే అన్నవ్ గద. ఇప్పుడు గూడ అందరి ముందటనే చెప్పు. మైకు పట్టుకొని చెప్పు."

పెద్దమనిషి కదా, మొహం ముడుచుకున్నాడు. కానీ ఆమె గుమ్మంలో అడ్డంగా నిలబడింది, లోపలికి పోయేవాళ్లకు దారి లేదు. పాట మొదలుపెట్టే వేళ మించిపోతోంది. చివరికి అబ్రాహాము పోయి మైకు అందుకొని గొంతు సవరించుకున్నాడు.

"సీమోను తాగలేదని కోర్టుల తేలింది," అన్నాడు.

"ఏ సీమోను?" అన్నది ఎస్తేర్ గుమ్మంలోంచే. "బైబిల్ల గూడ ఉన్నడు సీమోను."

ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కుమన్నారు. అబ్రాహాము చెవులు ఎర్రబడ్డాయి.

"మన సీమోను," అన్నాడు గట్టిగా. "మేస్త్రి సీమోను, ఎస్తేర్ భర్త. ఆయన తాగలే. డోలు ఆయనదే, బల్లకు గూడ వస్తడు."

అప్పుడు ఎస్తేర్ గుమ్మం వదిలింది. పోయి ఆడవాళ్లలో తన చోట కూర్చుంది. కళ్లలోకి నీళ్లు వచ్చాయి, వాటిని కూడా కోపంగానే తుడుచుకుంది. ఇంతమందిలో ఒక్కరైనా అప్పుడు సీమోను తరఫున నోరు విప్పలేదు, ఇప్పుడేమో అందరి మొహాల్లో ఆనందం. వాళ్లను ఆమె క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

సీమోను కర్ర పొడుచుకుంటూ ముందుకు పోయాడు. వంగని కాలును ముందుకు చాపుకొని డోలు పక్కన కూర్చున్నాడు. కర్రను గోడకు ఆనించి, డోలు తాళ్లు బిగించి, దాని మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు. పాట ఎత్తుకోవడానికి అందరూ ఎదురుచూస్తున్నారు. అతను చెయ్యి ఎత్తి, బిగువు చూడటానికి రెండు దెబ్బలు వేశాడు.

ఎస్తేర్ లేచి నిలబడింది. నీళ్ల కోసం చెయ్యి చెంబును వెతుకుతోంది. చెంబు లేదు, చాట లేదు, చుట్టూ మందిరం నిండా జనం ఉన్నారని అప్పుడు తెలిసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. సీమోను కూడా చూశాడు. గోడను కాదు, ఆమెనే.

"నిన్ను గాదే," అన్నాడు. "కూసో ఎస్తేరూ."